కాల్‌బుక్కులో ఆఖరి సంతకం

పోయిన శుక్రవారం ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాక, ఆయన భార్య, నేను పిన్ని అని పిలిచే ఆవిడ, నన్ను గడప దగ్గర ఆపి పాత తువ్వాలులో చుట్టిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. "నీ కాడ ఉండనీ బాబూ. దీన్లో ఆఖరి సంతకం నీదే కదా," అంది. దాంతో పాటు ఉండే పెన్సిలు మాత్రం ఇవ్వలేదు. దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టే పంపించింది.

ఆ సంతకం నాదే. దాని పక్కన రాసిన రెండు మాటలు మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

పేరు రాయను. రాసినా ఖరగ్‌పూర్‌లో ఎవరూ గుర్తుపట్టరు. పెద్దవాళ్ళకి ఆయన కాల్‌మేను, మాకు కాల్‌బుక్ బాబాయి. మాకూ ఆయనకూ చుట్టరికం లేదు. మా నాన్న రైలు డ్రైవరు, ఆయన ఆ డ్రైవర్లని డ్యూటీకి పిలిచే మనిషి. రైలు కాలనీలో అంతకన్నా దగ్గరి చుట్టరికం ఉండదు. అప్పట్లో ఇంటింటికీ ఫోన్లు లేవు. ఏ బండి ఎవరు తోలాలో ఆఫీసులో తేలగానే, ఆయన ఆ పేర్లు పొడుగాటి పుస్తకంలో రాసుకుని సైకిలెక్కేవాడు. బండి కదలడానికి రెండు గంటల ముందు ఆ డ్రైవరు ఇంటి గేటు ముందు ఉండేవాడు. బెల్లు కొట్టేవాడు కాదు. పుస్తకం అంచుతో గేటు మీద రెండు దెబ్బలు, అంతే. ఆ చప్పుడుకి మా అమ్మ పొయ్యి మీద పెనం పెట్టేసేది.

"డ్రైవర్ బాబూ, డ్యూటీ. నాలుగున్నరకి గూడ్సు. సంతకం ఎట్టండి, టయిం కూడా ఎయ్యండి." ఇవే మాటలు, ఇదే వరసలో. మా నాన్న చొక్కా వేసుకుంటూ "చూశాను లేవయ్యా, వెళ్ళు," అంటే కదిలేవాడు కాదు. "సంతకం ఎడితేనే పిలిసినట్టు. నేకపోతే నాను ఊరికే సైకిలు తొక్కినట్టు," అనేవాడు. బెంగాలీ గార్డుల ఇళ్ళ దగ్గర ఇదే మాట బెంగాలీలో, చివర ఒక 'దాదా' తగిలించి.

ఆయన దగ్గర ఒక పెన్సిలు ఉండేది, తడి తగిలితే ఊదారంగుకి తిరిగేది. రాసేముందు దాని మొన నాలుక మీద రాసుకునేవాడు. అందుకని ఆయన నాలుక ఎప్పుడూ ఊదాగానే ఉండేది. చిన్నప్పుడు మేము "బాబాయ్, నాలుక, నాలుక" అని వెంటపడితే, చుట్టూ చూసి పెద్దలెవరూ లేరనుకున్నాక చటుక్కున బయటపెట్టి లోపలికి లాగేసేవాడు. ఆ పెన్సిలుతో రాసింది రబ్బరుతో పోదు. ఒకసారి టైము వేశాక దాన్ని డ్రైవరూ మార్చలేడు, కాల్‌మేనూ మార్చలేడు.

పుస్తకంలో చివరి గడి రిమార్కులకి. ఆలస్యంగా పిలిస్తే డ్రైవరు అందులో 'లేటు' అని రాసి సంతకం చేస్తాడు. మిగతా కాల్‌మేన్ల పుస్తకాల్లో ఆ మాట అక్కడక్కడా ఉండేది. ఆయన పుస్తకాల్లో ఒక్కటి కూడా లేదు. అది ఆయన గొప్ప. వేరే గొప్ప ఏదీ ఆయనకి లేదు, కోరుకోలేదు కూడా. ఏ ఇంట్లోనూ టీ తాగేవాడు కాదు, మంచినీళ్ళే. "టీ అంటే కూకోవాల. నాను కూకుంటే ఇంకో బండి కూకుంటాది వదినా," అనేవాడు మా అమ్మతో. వెళ్తూ వెళ్తూ, "ఇది గూడ్సు, ఎప్పుడు తిరిగొస్తాదో దేవుడికీ తెల్దు, నాలుగు రొట్టెలు ఎక్కువెట్టు," అని సలహా కూడా పారేసేవాడు.

ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీ చివర, తలుపు పక్కన కూర్చునేవాడు. ప్రసంగం మధ్యలో ఆఫీసు నుంచి కబురొస్తే లేచి, మునివేళ్ళ మీద నడిచి, ఫలానా డ్రైవరు భుజం మీద పుస్తకం అంచుతో తట్టేవాడు. ఆ డ్రైవరు పాటల పుస్తకం కింద పెట్టుకుని సంతకం చేసి చల్లగా జారుకునేవాడు. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ప్రసంగం ఎటు వెళ్ళినా బండి మాత్రం వెళ్ళాలి కదా.

ఆ చర్చిలోనే మొదలైంది. ఎనభైల ఆఖరు. మా నాన్న పోయిన తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్ రోజులు. చలికి మా నాన్న ఉన్ని కోటు తొడుక్కుని, నాన్న కూర్చునే చోటే కూర్చున్నాను. పాస్టరుగారు ప్రార్థనలో ఉన్నారు. భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"డ్రైవర్ బాబూ, పన్నెండింటికి గూడ్సు. సంతకం ఎట్టండి."

హాస్యమనుకున్నాను. "బాబాయ్, నేను," అన్నాను మెల్లగా. నేను తెలుగు బడిలో టీచర్ని. నా చేతికి సుద్దముక్క తప్ప ఇంకోటి తెలియదు.

ఆయన పెన్సిలు అప్పటికే నాలుక మీద తడిపేశాడు. "టయిం అయిపోతన్నాది బాబూ. ఎట్టండి." పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. నేను తోసేశాను. తోసిన తోపుకి అది నేల మీద పడి పెద్ద చప్పుడయింది. ప్రార్థన ఆగిపోయింది. ఆడవాళ్ళ వైపు మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కుమిలిపోవడం కనిపించింది. ఆయన పుస్తకం తీసి, చొక్కాతో దుమ్ము తుడిచి, నా ముఖంలోకి చూశాడు. "నువ్వా నాయినా," అన్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు, అందుకే ఆ కోపం తొందరగా చల్లారలేదు.

మా ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ముందు అడిగేది జబ్బు గురించి కాదు, కొడుకు వయసు. ఉద్యోగానికి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే కొడుకుకి రైల్వేలో ఉద్యోగం వస్తుందన్న సంగతి మా కాలనీలో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆయన కొడుకు మెట్రిక్ రెండుసార్లు తప్పి ఖాళీగా ఉన్నాడు. ఇంకేం కావాలి? గోల్‌బజార్ టీ దుకాణంలో తీర్పు చెప్పేశారు. "ఇళ్ళు మర్సిపోతన్నాడంట. జీతం రోజు మర్సిపోనాడేటి మరి?" అని ఒకరు, "సచ్చిపోనోడికి డ్యూటీ ఏసినాడంటే ఏసం బాగా కడతన్నాడు," అని ఇంకొకరు. నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు. నిజం చెప్పాలంటే నేనూ అదే నమ్మాను.

తర్వాత కొన్నాళ్ళకి పిన్ని వచ్చింది. "కలకత్తాలో తలకాయకి ఫోటో తీస్తారంట బాబూ. మీ బాబాయిని నువ్వు తీసుకెల్లాల. నీకు ఇంగిలీసొచ్చు, బెంగాలీ వొచ్చు. మాకెవులున్నారు?" అంది. పరీక్ష పేపర్లు దిద్దవలసిన రోజుల్లో సెలవు పెట్టి, సణుక్కుంటూ హౌరా లోకల్ ఎక్కాను. ఆయన పుస్తకం చంకలో పెట్టుకునే వచ్చాడు. డ్యూటీ లేని రోజు అదెందుకంటే, "సెయ్యి ఊరికే ఉంటే బాగోదు," అన్నాడు.

ఆసుపత్రిలో చూసినది ఒక చిన్న వయసు డాక్టరమ్మ, బెంగాలీ ఆవిడ. మతిమరుపు అప్పుడప్పుడే మొదలవుతున్న వాళ్ళని పోగుచేసి, ఏడాదికొకసారి వాళ్ళ మెదడు ఫోటో తీసి పోల్చి చూస్తోందట. ముందు ఆయన్ని కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పింది. గొడుగు, బెండకాయ, దీపం. కాసేపు ఆ మాటా ఈ మాటా అడిగి, ఇప్పుడు ఆ మూడూ చెప్పండి అంది. ఆయన బుర్ర గోక్కున్నాడు. నా వైపు తిరిగి, "అయ్యి ఎవులింటికి ఎల్లాల? ఇల్లు సెప్పమను, గుర్తెట్టుకుంటాను," అన్నాడు.

అది బెంగాలీలోకి మార్చి చెప్తూ నేను నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ మాట కాగితం మీద రాసుకుంది. డ్రైవర్ల ఇళ్ళు చెప్పమంది. ఎప్పుడో రిటైరైన వాళ్ళ ఇళ్ళు, వీధి, గుమ్మం రంగు, వేపచెట్టుతో సహా గడగడా చెప్పాడు. పొద్దున్న ఏం తిన్నారంటే మాత్రం "తిన్నాను" అని ఊరుకున్నాడు.

మెషిను పెద్ద చక్రంలా ఉంది. తల అందులో పెట్టి పడుకోమంటే, "బాయిలరు తలుపులాగున్నాది," అని నవ్వి పడుకున్నాడు. కదలకూడదన్నారు. కదలకుండానే, "నాయినా, బుక్కు నీ కాడే ఉన్నాదా?" అని అడిగాడు. ఉంది బాబాయ్ అన్నాను.

సాయంత్రం డాక్టరమ్మ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచింది. ఫిల్మును దీపాల పలక మీద పెట్టి, "మాస్టార్‌మొశాయ్, ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన వయసువాళ్ళకి ఇలాగే ఉంటుంది," అంది. నాకు లోపల ఒక రకమైన సంతోషం కలిగింది. అనుకున్నది నిజమైందన్న సంతోషం అది. దాన్ని తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గేస్తుంది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "కానీ జబ్బు లేదని మాత్రం దీని అర్థం కాదు. మొదట్లో ఈ ఫోటోకి అందదు. నాకు ఆయన మాటల్లో కనిపిస్తోంది. ప్రతి ఏడూ తీసుకురండి, ఎక్కడ మొదలవుతుందో చూడాలి. ఈలోగా ఇంట్లోవాళ్ళకి చెప్పండి, ఇది అశ్రద్ధ కాదు, ఆయన్ని తిట్టొద్దని. కావాలంటే ఆఫీసుకి నేను కాగితం రాసిస్తాను."

సరేనన్నాను. కాగితం అడగలేదు. ఆఖరి లోకల్ తప్పిపోతుందని ఫిల్ము కవరు పట్టుకుని పరుగెత్తాను.

బండిలో ఆయన ఝాల్‌ముడి మరమరాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తినకుండా, "ఫోటోలో ఏటున్నాదంట?" అని అడిగాడు.

"ఏమీ లేదు బాబాయ్. అంతా బాగుంది."

పొట్లం మూతి మడిచి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "జబ్బు నేదంటే... నానే తప్పు సేస్తన్నానన్నమాట," అన్నాడు.

అప్పుడైనా చెప్పాలి. పక్కన ఎవరూ లేరు, చెప్పడానికి రెండు గంటల దారి ఉంది. "కాస్త శ్రద్ధగా ఉండు," అన్నాను. బళ్ళో వెనక బెంచీ పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఖరిదాలో వాళ్ళింటికి చేరాక పిన్నికీ అదే చెప్పాను, ఏమీ లేదు అని. ఆ రెండు ముక్కలు తెల్లారేసరికి గోల్‌బజార్ చేరాయి. నేను చేర్చలేదు గానీ, ఎవరో అడిగితే కాదనలేదు.

ఆ తర్వాత ఆయన పడిన అవస్థ చూసినవాళ్ళకి తెలుసు. ఇళ్ళ నంబర్లు ఆ పెన్సిలుతో అరచేతుల్లో రాసుకునేవాడు. చెమటకి అవి కారి రెండు చేతులూ ఊదారంగయ్యేవి. ఒక వీధిలోకి వచ్చి సైకిలు దిగి, చెయిను ఊడినట్టు వంగి కూర్చుని, ఆడుకునే పిల్లల్ని "ఇది ఎవులిల్లమ్మా?" అని గుట్టుగా అడిగేవాడు. ఇంట్లో పిన్ని గొంతు వీధి చివరిదాకా వినిపించేది. "ఫోటోలో కూడా ఏటీ నేదన్నారు కదా, ఇంకా ఈ నాటకాలేటి? మీ మూలాన నలుగుర్లోకి ఎల్లలేకపోతన్నాను!" అని. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. తప్పు తనదే అని నేను ఒప్పించి పంపించాను కదా.

ఏడాది తిరిగేసరికి డాక్టరమ్మ దగ్గర్నుంచి నా పేర కార్డు వచ్చింది, ఆయన్ని తీసుకురమ్మని. హాజరు పట్టీలో పెట్టి మరిచిపోయాను. మరుసటి ఏడూ వచ్చింది. దాన్ని మరిచిపోలేదు, కావాలనే పక్కన పెట్టాను. ఇప్పుడు వెళ్తే అప్పుడు చెప్పనిది బయటపడుతుంది.

ఒక మధ్యాహ్నం ఆయన ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్ళి, వెళ్ళవలసిన ఇంటికి వెళ్ళలేదు. డ్రైవరు రాక బండి యార్డులో నిలిచిపోయింది. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు, ఇంటికి వెళ్ళి పడుకోమన్నారు. ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు. "నాయినా, ఇంగిలీసులో ఒక కాయితం రాసిపెట్టు. నాను సెయ్యలేను, మానేస్తన్నానని రాయి. జబ్బని రాయకు, అబద్ధం అయిపోతాది," అన్నాడు. రాశాను. సొంత కారణాల వల్ల రాజీనామా అని. నా రాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ కాగితంలో ఇంకా బాగా కుదిరింది. కొడుకు ఖరిదాలో సైకిళ్ళ దుకాణంలో పనికి కుదిరాడు.

మళ్ళీ కలకత్తా వెళ్ళింది, ఇక తప్పక, మొదటిసారి వెళ్ళిన ఆరేళ్ళకి. అప్పటికి ఆయన ఇంట్లో ఉన్న పాత పుస్తకం ఒకటి తీసుకుని రోజూ మధ్యాహ్నం సైకిలు తోసుకుంటూ బయల్దేరిపోతున్నాడు. ఎక్కడం మరిచిపోయాడు, తోయడం గుర్తుంది. పిన్ని పేరు కూడా అందడం లేదు. డాక్టరమ్మకి చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. మెషిను కూడా మారింది, ఇది గుహలా పొడుగ్గా ఉంది. కొత్త ఫిల్మూ నేను తీసుకెళ్ళిన పాత ఫిల్మూ పక్కపక్కన పెట్టింది. నాలాంటివాడికి కూడా తెలిసింది. మెదడు కుంచించుకుపోయి, మధ్యలో నల్లటి ఖాళీలు పెద్దవయ్యాయి. "ఇదిగో, జ్ఞాపకాలు పట్టుకునే చోటు," అని వేలితో చూపించింది. తర్వాత, "మధ్య ఏళ్ళవి ఏవి?" అని అడిగింది.

లేవన్నాను.

"మొదటిదీ చివరిదీ ఉన్నాయి. మధ్యలో ఏం జరిగిందన్నదే నాకు కావలసింది," అంది. కోప్పడలేదు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలుసు. ఏ ఫిల్ములోనూ పడదది.

మరునాడు ఖరిదా వెళ్ళి, అరుగు మీద కూర్చుని, పిన్నికి అంతా చెప్పాను. డాక్టరమ్మ అప్పుడేమందో, నేనేం దాచానో, కార్డుల సంగతి, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అప్పుడే సెప్పుంటే ఆయన్ని తిట్టకపోదును బాబూ," అంది పిన్ని. "ఆరేళ్ళు తిట్టినాను. రోజూ తిట్టినాను. ఒకపాలి సెయ్యి కూడా ఎత్తినాను. ఏటీ అనీవోడు కాదు, తల వొంచుకుని నిలబడీవోడు." లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి ఏడుపు వినిపించలేదు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

అప్పుడే ఆయన పక్క సందులోంచి సైకిలు తోసుకుంటూ వచ్చాడు. గేటు తీసే ఉంది. అయినా ఆగి, పుస్తకం అంచుతో దాని మీద రెండుసార్లు కొట్టాడు.

"డ్రైవర్ బాబూ, డ్యూటీ. నాలుగున్నరకి గూడ్సు. సంతకం ఎట్టండి, టయిం కూడా ఎయ్యండి."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. చర్చిలో నేల మీద పడ్డ పుస్తకం గుర్తొచ్చింది. ఆయన తడిపి ఇచ్చిన పెన్సిలు తీసుకుని నా పేరే సంతకం పెట్టాను. టైము వేశాను. రిమార్కుల గడిలో 'లేటు' అని రాశాను. నా మట్టుకు అది నేను ఒప్పుకున్న తప్పు. మాటల్లో చెప్తే ఆయనకి అందదు, కనీసం ఆయన పుస్తకంలోనైనా ఉండాలనుకున్నాను.

పెళ్ళాం పేరు మరిచిపోయిన మనిషి ఆ ఒక్క మాటా చదివాడు. ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"లేటా? నా బుక్కులో లేటా బాబూ?"

"నీది కాదు బాబాయ్. నాది. నాకు ఆరేళ్ళ కిందటే అందింది, నేనే..."

"ఎవులిదైతే ఏటి, బుక్కు నాది కదా! ఇన్నేళ్ళలో ఒక్కటి నేదు. కొట్టియ్యండి బాబూ. మీ కాళ్ళట్టుకుంటాను." నిజంగానే వంగాడు. సైకిలు పక్కకి పడిపోయింది. నేను ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని లేపాను. ఎముకలు చేతికి తగిలాయి.

కొట్టేశాను. దాని పైన 'టైముకే అందింది' అని రాశాను.

ఆయన పుస్తకం కళ్ళ దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. ముఖం విప్పారింది. "అదీ," అన్నాడు. పిన్ని లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నిలబడే తాగి, "ఎల్తాను వదినా, ఇంకా నాలుగిల్లులున్నాయి," అని ఆమెతోనే చెప్పి, సైకిలు లేపుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ పుస్తకంలో ఇంకెవరి సంతకమూ పడలేదు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. పొద్దుట్నుంచి రెండుసార్లు తెరిచి చూశాను. ఆ పెన్సిలు రాత పోదని ముందే చెప్పాను. కొట్టేసిన గీత కింద 'లేటు' ఇప్పటికీ స్పష్టంగా చదవడానికి వస్తోంది.